బావగారి కుర్చీ

రిబ్బను కత్తిరించి, నాలుగు అటుకులు నోట్లో వేసుకుని, చేతులు దులుపుకుని ఇంటికి పోతాడనే కదా అందరూ అనుకున్నది. పోలేదు. ఫేకన్ పాస్వాన్ నేరుగా వెళ్ళి ఫ్యాను కింద ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. పాన్ డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక ఆయన్ని అక్కడి నుంచి లేపడం ఎవరి తరమూ కాదని తెర వెనక ఉన్న రాంపరీకి అప్పుడే అర్థమైపోయింది.

తెరకు ఇవతల వంటగది. అతిథుల కోసం రాంపరీ తిల్కోర్ ఆకుల్ని బియ్యప్పిండి జారులో ముంచి నూనెలో వేస్తోంది. తెరకు అవతల చిత్రశాల. ఆ గదికి మట్టి మెత్తింది ఆమె. నేల అలికింది ఆమె. గోడల నిండా వేలాడుతున్న బొమ్మల్లో ఒక్కటి కూడా ఇంకొకరి చేతిది కాదు. అలాంటి గదిలోకి తెరిచిన రోజున ఆమె అడుగు పెట్టడానికి లేదు. ఎందుకంటే కుర్చీలో కూర్చున్నాయన ఆమె భర్తకు స్వయానా అన్న.

బావగారున్న చోట తమ్ముడి భార్య ఉండదు. ఆయన ముఖం ఆమె చూడదు, ఆమె ముఖం ఆయన చూడడు, ఒకరి పేరు ఒకరు పలకరు. ఒకసారి ఎండలో వేసిన ఆయన నులక మంచానికి ఆమె చీర కొంగు తగిలిందని, పుష్యమాసపు చలిలో ఇద్దరూ వేరువేరుగా రెండోసారి తలస్నానం చేశారు. ఆమె కొంగుకు బుద్ధి లేకపోతే ఆయన ఎందుకు వణకాలని ఊళ్ళో చాలామంది ఆయన మీద జాలిపడ్డారు. ఆమె మీద ఎవరూ పడలేదు.

ఈ ఇంట్లో రాంపరీ కాపురమంతా ఒక దగ్గు చుట్టూ తిరిగింది. వాకిట్లోకి వచ్చే ముందు ఫేకన్ గట్టిగా దగ్గుతాడు. దగ్గు వినబడగానే ఆమె చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి తలుపు చాటుకు పోవాలి. ఎన్నిసార్లు పాలు పొంగిపోయాయో, ఎన్ని రొట్టెలు మాడిపోయాయో దేవుడికి తెలియాలి. ఆయనకు నిజంగానే జలుబు చేసిన ఏడాది ఆమె రోజులో సగం తలుపు చాటునే గడిపింది.

పోనీ చెడ్డవాడా అంటే అదీ కాదు. భార్య పోయాక తమ్ముడి ఇంట్లోనే తింటాడు, పెట్టింది తింటాడు, వంక పెట్టడు. చెరువులో చేప దొరికితే ముందు ఇక్కడికే తెస్తాడు. "ఇంట్లో ఎవరైనా ఉంటే, చేప తెచ్చానని తెలుసుకోవాలి" అని గుమ్మానికి చెబుతాడు. "వినేవాళ్ళెవరైనా ఉంటే, ఆవనూనె అయిపోయిందని తెలుసుకోవాలి" అని రాంపరీ పొయ్యికి చెబుతుంది. ఆమె మగడు లుధియానాలో స్వెట్టర్ల మిల్లులో పని చేస్తాడు. ఏ విషయం అడిగినా ఫోన్లో ఆయన జవాబు ఒక్కటే: "అన్నయ్యని అడుగు." ఎలా అడగాలో మాత్రం ఆ మహానుభావుడు ఏనాడూ చెప్పలేదు.

రాంపరీది బేనీపట్టీ. అందుకని పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఊరంతా ఆమెను బేనీపట్టీ ఆవిడ అనే పిలిచింది. ఇక్కడ కోడళ్ళందరికీ పుట్టింటి ఊరే పేరు. ఆమె వచ్చినప్పుడు అత్తగారు చూసిన మొదటి వస్తువు ముఖం కాదు, చేతులు. దుసాధ్ కులంలో ఆడపిల్ల చేతికి పచ్చబొట్లు లేకపోతే ఎలా? అత్తగారికి భుజం నుంచి మణికట్టు దాకా ఖాళీ లేదు. నెమళ్ళు, వెదురు పొదలు, కులదేవుడు సల్హేస్ రాజు ఏనుగు, ఆయన కోసం పూలు కోసే మాలిన్ అమ్మాయిలు, అన్నీ వరస మీద వరసగా, వలయం చుట్టూ వలయంగా. రాంపరీ చేతి మీద ఉన్నది ఒక్క చుక్క. చిన్నప్పుడు పచ్చబొట్లు పొడిచే నటిన్ వచ్చి మొదటి సూది దించగానే, ఈ పిల్ల మసి గిన్నెను ఒక్క తన్ను తన్ని చెరుకుతోటలోకి పారిపోయింది. మళ్ళీ దొరకలేదు.

"ఏంటే ఇది?" అంది అత్తగారు ఆ చుక్కని చూసి.

"నెమలి అత్తయ్యా. మొదలుపెట్టారు" అంది కొత్తకోడలు.

అత్తగారు నవ్వలేదు. పచ్చబొట్టు లేని చేతి నీళ్ళు తాగనంది, తాగలేదు. కుండలోంచి తనే ముంచుకునేది. కానీ సాయంత్రం పూట చేతులకు నూనె మర్దన మాత్రం ఈ చేతులతోనే కావాలి. అలా రోజూ నూనె రాస్తూ రాస్తూ రాంపరీ వేళ్ళకు ఆ చేతుల మీది దారులన్నీ తెలిసిపోయాయి. ఏ నెమలి తర్వాత ఏ చేప వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఒకనాడు ఉక్రోషం పట్టలేక, వెదురు పుల్లను పొయ్యి మసిలో ముంచి, పేడతో అలికిన వంటింటి గోడ మీద అత్తగారి కుడి చెయ్యి మొత్తం దించేసింది. నీకు కావలసింది ఇదేగా, చూసుకో, అన్నట్టు. ముసలామె గోడ ముందు చాలాసేపు నిలబడింది. "నన్ను గోడకెక్కించావు కదే" అంది. తర్వాత పీట వేసుకుని కూర్చుని నీళ్ళడిగింది.

అక్కడ మొదలైన గీత ఆగలేదు. గోడ నుంచి పేడనీళ్ళు పూసి ఆరబెట్టిన కాగితం మీదికి వచ్చింది. అత్తగారు పోయినా గీత పోలేదు.

ఇక సుగియా సంగతి. ఫేకన్ చెల్లెలు, రాంపరీకి ఆడపడుచు. వదిన కాపురానికి వచ్చేనాటికి పరికిణీ ఎగ్గట్టి ఈతకాయలు ఏరుకునే పిల్ల. పెళ్ళి చేసి పంపితే, మగడు రెండో పెళ్ళాన్ని తెచ్చుకున్నాడని వాడి నెత్తిన పేడతట్ట బోర్లించి తిరిగొచ్చేసింది. సుగియాకు రెండు చేతుల నిండా పచ్చబొట్లున్నాయి. నోరుంది. గీత మాత్రం లేదు. నెమలి గీయమంటే కోడిపెట్ట వస్తుంది, కోడిపెట్ట గీయమంటే చెంబు వస్తుంది. కానీ వదిన బొమ్మల్ని చుట్టగా చుట్టి మధుబని స్టేషను దగ్గరికి తీసుకెళ్ళి, రైలు దిగినవాడిని దిగినట్టే పట్టుకుని అంటగట్టింది ఆమే. ఒకరిది చెయ్యి, ఒకరిది నోరు. ఇద్దరూ సగం సగం అనుకున్నారు. రోడ్డు పక్కన చిత్రశాల పెడదామన్నదీ సుగియాయే.

అంతా బాగానే ఉంది కానీ, ఒక్క సంగతి రాంపరీకి కడుపులో మంటగా ఉండేది. కొనేవాళ్ళు బొమ్మ చూసేవారు, తర్వాత సుగియా చేతులు చూసేవారు, "ఓహో, మీరే గీశారన్నమాట" అనేవారు. సుగియా అవుననేది కాదు. కాదనీ అనేది కాదు. పళ్ళికిలించేది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! బొమ్మలు ఎక్కడెక్కడి ఇళ్ళకో వెళ్ళిపోయాయి. వాటిలో ఒక్కదానికైనా ఫలానా ఆమె గీసిందని ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పాట్నా నుంచి నీహారిక అనే మేడమ్ వస్తోంది. పెద్ద ప్రదర్శన పెడుతున్నారట. గోదనా, అంటే పచ్చబొట్ల తీరు బొమ్మలు, గీసే ఒకరిని ఎంచుకుంటారట. బొమ్మ పక్కన చిన్న అట్ట మీద గీసినవాళ్ళ పేరు రాస్తారట. ఈ చివరి ముక్క విన్నప్పటి నుంచి రాంపరీకి అన్నం సయించలేదు. ముందురోజు బొమ్మలు తగిలిస్తున్న ఆడపడుచును నిలదీసింది.

"రేపు ఆవిడ ముందు కూడా పళ్ళికిలించావంటే చెప్తున్నా, ఈ నిచ్చెన నీ వీపు మీదే విరుగుద్ది."

"అబ్బ, చెప్తా వదినా. నీ పేరే చెప్తా. సల్హేస్ మీద ఒట్టు."

"ఇంకో మాట. మీ అన్నయ్యని ఎందుకు పిలిచావు?"

"స్థలంలో సగం ఆయనదేగా. రిబ్బను కత్తిరిస్తే మురిసిపోతాడు. ఒక్క క్షణం పని. కత్తిరిస్తాడు, పోతాడు."

"ఆయన వచ్చిన చోటు నుంచి పోవడం ఎప్పుడైనా చూశావా నువ్వు? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనబెట్టుకెళ్ళినట్టు, ఎవరూ దొరకనట్టు ఆయన్నే పిలిచావా!"

"నీదంతా చాదస్తం వదినా" అంది సుగియా.

ఆ చాదస్తమే నిజమై ఫ్యాను కింద కూర్చుని పాన్ నములుతోంది.

మేడమ్ వచ్చింది. సన్నగా, మర్యాదగా ఉంది. చెప్పులు బయట విప్పింది. గోడ గోడకూ నిలబడి బొమ్మలు చూసింది. రాంపరీ తెర పక్క సందులోంచి ఆమె వీపు చూస్తూ, ఆమె ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగుతోందో చూస్తూ, చేతిలో ఆకు నూనెలో వేయడం మరిచిపోయింది. ఇంతలో సుగియా తెర ఎత్తుకుని లోపలికి దూరింది.

"వదినా, గీస్తుంటే చూడాలంటున్నారు. రా."

"ఎక్కడికి రమ్మంటావు? ఆయన నెత్తి మీదికా?"

"ముసుగేసుకుని రావొచ్చుగా."

"ముసుగేసుకుంటే గీత నీకు కనబడుద్దా, నాకు కనబడుద్దా? అయినా బావగారి కాళ్ళ దగ్గర చాపేసుకుని కూర్చోమంటావా? ఊరంతా గుమ్మంలోనే ఉంది. రేపటి నుంచి చెరువుకి ఎట్టా వెళ్ళను?"

"మరేం చేద్దాం?"

"లేపు. పిలిచిన నోరేగా, ఆ నోటితోనే పొమ్మను."

సుగియా వెళ్ళింది. "అన్నయ్యా, అన్నం వేళయింది. ఇంటికి పోయి తిందువుగాని, రా."

"అతిథుల్ని వదిలేసి ఎట్టా వస్తానే? ఇక్కడికే పట్రా" అన్నాడు ఫేకన్.

పట్టుకెళ్ళింది. ఆవపెట్టిన చేపలకూర, అన్నం. కుర్చీలోనే కూర్చుని ముళ్ళు తీరిగ్గా ఏరుకుంటూ తిన్నాడు. కుర్చీలోనే చెయ్యి కడుక్కున్నాడు.

సుగియా మళ్ళీ వెళ్ళింది. "అన్నయ్యోయ్, గేదె తాడు తెంపుకుంది! కందిచేలో పడింది!"

ఫేకన్ కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ ఇద్దరిని అటు తోలాడు. వాళ్ళు పోయి వచ్చి, గేదె నెమరు వేసుకుంటోందనీ తాడు గట్టిగానే ఉందనీ చెప్పారు. "చూశావా? కూర్చున్నచోటి నుంచే పని అయిపోయింది" అన్నాడు ఆయన చెల్లెలితో, గర్వంగా.

చివరికి సుగియా ఫ్యాను కట్టేసి కరెంటు పోయిందంది. ఫేకన్ భుజం మీది తుండు తీసి విసురుకోవడం మొదలుపెట్టాడు. ఆయనకు ఏమీ కాలేదు కానీ మేడమ్‌కి చెమటలు పట్టి ముఖం ఎర్రబడింది. కరెంటు వెంటనే వచ్చేసింది.

"మీ అన్నకి నడుం కింద వేళ్ళు మొలిచాయే!" అంది రాంపరీ తెర చాటు నుంచి పళ్ళు కొరుకుతూ. ఆమెకు నిజంగా ఏడవాలనిపించింది. ఇన్నేళ్ళూ దగ్గుకు తప్పుకుంది, నీడకు తప్పుకుంది. తన సొంత గోడల మధ్యకు ఒక్క పూట రావడానికి కూడా ఈయన కుర్చీ ఖాళీ కావాలా?

అవతల మేడమ్ ఫేకన్ వైపు తిరిగింది. పెద్దవాడు, రిబ్బను కత్తిరించినవాడు, ఆయన్నే అడగాలనుకుంది పాపం. "ఈ బొమ్మలు ఎవరు గీశారండీ?"

ఫేకన్ ఇబ్బందిగా కదిలాడు. పరాయివాళ్ళ ముందు తమ్ముడి భార్యను నోటి మీదికి తెచ్చే బావగారు ఎక్కడైనా ఉంటాడా? "మా ఇంటి ఆడవాళ్ళు" అన్నాడు.

"అంటే ఈవిడేనా?" అంది మేడమ్, సుగియా చేతులు చూస్తూ.

ఆయన దగ్గాడు. "మా చెల్లెలు" అన్నాడు. అబద్ధం కాదు. సుగియా ఆయన చెల్లెలే. మేడమ్ అడిగింది అది కాదు, అంతే.

"ఒక్క బొమ్మ మా ముందు గీస్తారా?" అంటూ మేడమ్ తనే చాప పరిచింది. గుమ్మంలో ఉన్న జనం ముందుకు తోసుకొచ్చారు. అన్నయ్య మీసం దువ్వుకుంటున్నాడు. సుగియా ఒకసారి తెర వైపు చూసింది, ఇంకోసారి జనం వైపు చూసింది. వదిన పేరు చెప్పాలి. చెబితే, ఆ వదిన ఎక్కడుందంటారు. తెర వెనక ఉందంటే బయటికి రమ్మంటారు. అన్నయ్య ముందుకు ఎలా వస్తుంది? ఇంత ఆలోచన సుగియా బుర్ర ఎప్పుడూ చేసి ఎరగదు. పళ్ళికిలించి చాప మీద కూర్చుంది.

పలక మీద పేడరంగు కాగితం, పక్కన మసి గిన్నె. సుగియా వెదురు పుల్ల ముంచింది. గోదనాలో గీత నడిమధ్య మొదలై వలయాలుగా బయటికి పోతుంది, చెరిపేది ఉండదు. మొదటి వలయమే సొరకాయలా ఒక పక్కకి పొంగింది. దాని చుట్టూ ఆమె వేసినవి చేపలో చెప్పులో సల్హేస్ రాజుకే తెలియాలి.

"ఎంత సహజంగా ఉంది!" అంది మేడమ్. ఫోటో తీసింది. "బెదురు లేకుండా ఎలా వేశారో చూడండి."

తెర వెనక బాణలిలో ఆకులు మాడిన వాసన వచ్చింది.

"సుగియా!"

 బావగారికి వినబడేలా ఆ ఇంటి కోడలు గొంతెత్తడం ఊరు ఎన్నడూ వినలేదు.

"ఆ పలక ఇటు తొయ్యి."

సుగియా పలకను తెర దాకా తోసింది. అది పాత చీర కట్టిన తెర, నేలకూ దానికీ మధ్య జానెడు ఖాళీ. పలక సగం ఇవతలికి వచ్చింది. రాంపరీ వంటింటి నేల మీద బోర్లా పడుకుంది. గడ్డం నేలకానించింది. మోచేతి దాకా బియ్యప్పిండి అంటిన చెయ్యి తెర కింద నుంచి చిత్రశాలలోకి పోయి, ఆడపడుచు వేళ్ళ మధ్య నుంచి పుల్లను లాక్కుంది.

సుగియా పెట్టిన పొంగును చూసి ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గోదనాలో తప్పు వస్తే దాచకూడదు. పక్క గీత కూడా దానితో పాటే వంగాలి, ఆ పక్కదీ వంగాలి. రాంపరీ రెండో వలయాన్ని అదే పొంగు మీదుగా తిప్పింది. మూడోదాన్నీ తిప్పింది. చూస్తుండగా సొరకాయ కాస్తా వరద నీరు నిండి ఒక గట్టుకు ఒరిగిన చెరువైపోయింది. చెప్పులకు మొప్పలు మొలిచాయి, తోకలు మొలిచాయి. చేయి వేగంగా పోతోంది, కోపంగా పోతోంది. గీత మాత్రం వణకలేదు.

"ఎవరిది ఈ చెయ్యి?" అంది మేడమ్. 

ఫేకన్ చూశాడు. మరుక్షణం, చూడరానిది చూసినట్టు కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడి భార్య చెయ్యి, మోచేతి దాకా, అంతమంది ముందు! ఆయన లేస్తాడనీ పోతాడనీ జనం అనుకున్నారు. ఆయన లేచాడు కానీ పోలేదు. కుర్చీని నేల మీద కిర్రుమని ఈడ్చి, వెనక్కి తిప్పి, గోడకు ముఖం పెట్టి మళ్ళీ కూర్చున్నాడు.

పొద్దున్నుంచీ ఆయన వీపు వెనక ఉన్న బొమ్మ ఇప్పుడు ఆయన ముక్కుకు మూరెడు దూరంలో ఉంది. గదిలో అన్నిటికన్నా పెద్దది అదే. భుజం నుంచి మణికట్టు దాకా ఒక ఎడమ చెయ్యి. మోచేతి దగ్గర చేపల వలయం. చేపలన్నీ ఒక దిక్కుకు ఈదుతున్నాయి. ఒకే ఒక్క చేప ఎదురు తిరిగి ఉంది.

ఆయన ముందుకు వంగాడు. తుండుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"సుగియా," అన్నాడు. "ఈ చేప..."

"అమ్మ మోచేతి చేప అన్నయ్యా. నువ్వు చంటిపిల్లాడివప్పుడు అమ్మ ఒళ్ళో ఉండి తన్నావట కదా, సూది పక్కకి పోయి చేప తిరగబడిందని తిట్టేది."

"తిట్టేది కాదే. ముద్దుపెట్టుకునేది, అది చూపించి."

ఆయన చెయ్యి బొమ్మ దాకా వెళ్ళి తాకకుండా ఆగింది. తల్లి పోయి ఎన్నేళ్ళయిందో. ఆ చెయ్యి చితి మీద కాలిపోవడం ఆయన దగ్గరుండి చూశాడు. తెర కింద ఉన్న చెయ్యి ఎవరిదో మళ్ళీ చూడాల్సిన పని ఆయనకు లేకపోయింది.

ఫేకన్ లేచి నిలబడ్డాడు. పాన్ డబ్బా జేబులో వేసుకున్నాడు. కుర్చీని చంకన పెట్టుకుని, నేల వైపు చూస్తూ, జనాన్ని తోసుకుంటూ బయటికి నడిచాడు. రోడ్డు మీది ఎండలో కుర్చీ వేసుకుని గదికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"పోయాడొదినా! రా, రా!" అని సుగియా తెర పక్కకి లాగేసింది.

రాంపరీ నేల మీంచి లేచింది. గడ్డానికి మట్టి, చేతికి పిండి, ముక్కు మీద మసి. కొంగు నుదుటి దాకా లాక్కుని తెరిచాక తన చిత్రశాలలో మొదటిసారి అడుగు పెట్టింది. లోపలికి రాగానే ఆమె అన్న మాట ఇది:

"ఆ ఏనుగుని అంత పైన ఎవరు తగిలించారే? చూసేవాళ్ళు మెడలు ఇంటి దగ్గర పెట్టి రావాలా?"

మేడమ్ నవ్వి చేతులు జోడించింది. ఆవిడ ముఖంలో కాస్త సిగ్గు కూడా ఉంది. సంచిలోంచి చిన్న అట్టముక్క తీసి పెన్ను పట్టుకుంది. "బొమ్మ పక్కన పెట్టాలి. మీ పేరు చెప్పండి."

"నేను చెప్తా, నేను చెప్తానన్నాగా!" అంటూ సుగియా ముందుకొచ్చింది. "రాసుకోండి మేడమ్. మా వదిన పేరు..."

ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది, మాట రాలేదు. మేడమ్ పెన్ను పట్టుకుని చూస్తోంది. జనం చూస్తున్నారు. సుగియా బిక్కమొహం వేసుకుని వదిన వైపు తిరిగింది.

"నీకు నా పేరు తెలీదా?" అంది రాంపరీ.

"చిన్నప్పట్నుంచీ వదినా అనేగా పిలిచింది!"

"నిన్న సల్హేస్ మీద ఒట్టేశావు కదే!"

"చెప్తానని ఒట్టేశాను గానీ... అడగడం మర్చిపోయా."

రాంపరీకి ఆడపడుచును అక్కడికక్కడే మసి గిన్నెలో ముంచాలనిపించింది. పేరు తనే చెప్పాలి, తప్పదు. గుమ్మంలో మామ వరసవాళ్ళు, బావ వరసవాళ్ళు. కోడలు తన పేరు తనే గట్టిగా చెప్పుకోవడమా!  పెదవులు కదిలాయి కానీ మేడమ్‌కి వినబడలేదు. మేడమ్ చెవి దగ్గరగా పెట్టింది. అయినా వినబడలేదు. గుమ్మంలోంచి ఎవరో సాయం చేయబోయారు: "బేనీపట్టీ ఆవిడ అని రాసుకోండమ్మా, అందరం అట్టాగే అంటాం."

మేడమ్ పెన్ను అట్టముక్క మీద ఆనింది.

"రాంపరీ."

మాట బయటి నుంచి వచ్చింది. ఎండలో కుర్చీ కదల్లేదు, కూర్చున్నాయన తల తిప్పలేదు. "రాంపరీ దేవి. పెళ్ళి మాటలప్పుడు వాళ్ళ నాన్న చెప్పాడు. అట్టాగే రాయండి."

గుమ్మంలో ఒక ముసలామె నాలుక కరుచుకుని రామ రామ అంది. బావగారు తమ్ముడి భార్యను పేరు పెట్టి పలికాడు. అదీ పట్టపగలు, నడిరోడ్డు మీద. మేడమ్‌కి ఇదేమీ తెలియదు. అక్షరం అక్షరం చక్కగా రాసుకుంది.

రాంపరీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాంతో పాటే ఒళ్ళు కూడా మండింది. ఇంతకాలం ఈ పేరు ఈ ఇంట్లో ఒక మనిషి దగ్గర భద్రంగా ఉంది. ఆ మనిషి పొద్దున్నుంచీ ఇదే గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఆమె గుమ్మం వైపు తిరిగి, ఆయన వీపు వైపు చూసి, అనేసింది:

"అంత బాగా గుర్తున్నవారు పొద్దున్నే చెప్పొచ్చుగా! పొద్దున్నుంచీ ఆ నోట్లో తమలపాకులే ఉన్నాయా?"

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అదే.  సుగియా వదిన కొంగు పట్టుకుని లాగుతోంది. బయటి నుంచి పాన్ డబ్బా మూత తెరిచిన చప్పుడు, మళ్ళీ మూసిన చప్పుడు వినబడ్డాయి. ఆ తర్వాత ఆయన జనాన్ని అదిలించాడు.

"ఏంట్రా, అట్టా గుడ్లప్పగించి నిలబడ్డారు? చెప్పులు విప్పి లోపలికి పోండి. రాంపరీ గీస్తోంది."